ఆరు నిమిషాల పాట

మా ఇల్లు లంబాలైన్‌లో, విమానాశ్రయం గోడకి కూతవేటు దూరంలో ఉంటుంది. అలాంటి ఇంట్లో కూర్చుని పాటలు రికార్డు చేసుకోవాలనుకోవడం వట్టి తలతిక్క. ఆ తిక్క నాకుంది. ఆఫీసులో ఫైళ్ళు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి జరిపే గుమాస్తాని, గొంతు అంతంతమాత్రం, అయినా పాడాలని చిన్నప్పటినుంచీ ఒకటే దురద. స్కూలు వార్షికోత్సవంలో ఒకసారి స్టేజి ఎక్కితే రెండో చరణం మొదలుకాకముందే దింపేశారు. దానికి వాళ్ళని నేనింకా క్షమించలేదు. నలభై దాటాక, ఎవరూ దింపలేని స్టేజి ఒకటి మా పడకగదిలోనే కట్టుకున్నాను.

స్టేజి అంటే పెద్దగా ఏమీ లేదు. కంప్యూటర్‌కి నేరుగా గుచ్చుకునే చవక మైకు ఒకటి, చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు, మా ఆవిడ బీరువా. బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడే చీరల్లోకి మొహం పెట్టి పాడితే గదిలో మోత రాదని ఏదో వీడియోలో చూశాను. అది నిజమే. "దేవుడి గదిలో పెట్టని దణ్ణాలు నా చీరలకి పెడుతున్నారు," అని మా ఆవిడ పక్కింటివాళ్ళతో కూడా చెప్పింది. పొద్దుటి నుంచి విమానాలు, అవి అయిపోయాక కుక్కలు, వానాకాలంలో రేకుల మీద వాన. సాయంత్రం చివరి విమానం వెళ్ళిపోయాక, వాన లేకపోతే, కుక్కలు కరుణిస్తే, ఒక గంట దొరికేది.

పాడిన గొంతుని బాగుచేసే సరుకంతా ఉచితంగానో, దాదాపు ఉచితంగానో దొరుకుతుంది. తెలియనివాళ్ళు మాయ అనుకుంటారు గాని అదంతా వంటింటి పని. ముందు గొంతు అడుగున పేరుకున్న గుమ్మనే మోత తీసెయ్యాలి. ఫ్యాను, ఫ్రిజ్, దూరంగా పోయే లారీ అన్నీ అక్కడే దాక్కుంటాయి. తర్వాత కంప్రెసర్. అది అరిచినచోట అణిచి, గొణిగినచోట లేపి, గొంతునంతా ఒక మట్టానికి తెస్తుంది. "స"లూ "ష"లూ బుస కొట్టకుండా ఒకటి, శ్రుతి జారితే పట్టుకుని గట్టున పెట్టేది ఒకటి. చివర్న రివర్బ్, అంటే స్నానాల గదిలో పాడితే వస్తుందే, ఆ మారుమోత. అది ఉప్పు లాంటిది. కాస్త వేస్తే రుచి, చెయ్యి జారితే పారబోసుకోవడమే.

వీటన్నిటికంటే నాకిష్టమైనది ఇంకొకటుంది. పాట లేని చోటల్లా శబ్దాన్ని మూసేసి, ఆ ఖాళీని కోసి, రెండు ముక్కల్నీ దగ్గరికి లాగి అతికేస్తుంది. మధ్యలో ఊపిరి, దగ్గు, కుక్క, కుక్కర్ విజిల్ ఏమున్నా మాయం. విమానాశ్రయం పక్కన ఉండేవాడికి ఇంతకంటే ఏం కావాలి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ప్రతి పాటలోనూ ప్రతి ఖాళీనీ కోసేవాణ్ణి. నా పాటలు ఎవరూ వినరు కనుక ఎవరికీ నష్టం లేదు.

నష్టం మా అప్పకి జరిగింది. అప్ప అంటే అక్క. మాది శ్రీకాకుళం సముద్రపొడ్డు, అక్కడ మావాళ్ళు అలాగే పిలుస్తారు. మా అమ్మానాన్నలు ఓడెక్కి ఈ దీవికి వచ్చి జంగ్లీఘాట్‌ రేవులో దిగారు, నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. మా ఇంట్లో బడి నా వంతుకి వచ్చింది, గంప అప్ప వంతుకి వచ్చింది. ఎవరూ కూర్చుని అలా పంచలేదు, అలా జరిగిపోయింది. అయినా ఆ సంగతి నేను మరిచిపోను. అప్ప ఎప్పుడూ గుర్తుచేయలేదు గనుక అసలు మరిచిపోను.

ముప్పై ఏళ్ళు రేవు దగ్గర అరిచింది అప్ప. పడవలు వచ్చిన వేళ అక్కడ మామూలుగా మాట్లాడితే చేప అమ్ముడుపోదు. "దీదీ, సురమయి దేఖో, అభీ ఆయా," అని హిందీలో ఒక అరుపు, వెంటనే తెలుగులో అదే వంజరం గురించి ఇంకొక అరుపు. ఆ గొంతులోనే పాట కూడా ఉండేది.

ఏటా వేటకి విరామం అయిపోయి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగేముందు మావాళ్ళు గంగమ్మ పండగ చేస్తారు. సందులో ఉన్న చిన్న గుడి దగ్గర ఆడవాళ్ళు పసుపునీళ్ళ ఘటాలు నెత్తికెత్తుకుని రేవుదాకా నడుస్తారు. ఘటం లేవాలంటే పాట కావాలి. ఆ పాట పాడే హక్కు ఒక్క ఇంటిదే. అప్ప అత్తగారు ఊరినుంచి తెచ్చుకుంది దాన్ని, పోతూ పోతూ కోడలికి అప్పగించింది. ఏడాది పొడుగునా మొప్పలెత్తి చూసి, నిన్నటి చేప అని మొహం మీదే అనేసి వెళ్ళిపోయే ఆడవాళ్ళు ఆ ఒక్కరోజు అప్ప వెనకాల నడిచేవాళ్ళు. ఆవిడ ఆగితే ఆగేవాళ్ళు. అప్పకి పిల్లలు లేరు. బావ మంచివాడే, కాకపోతే వేట లేని రోజున తాగి పడుకునే మంచివాడు. అప్పకంటూ ఉన్నది ఆ ముందు నడక ఒక్కటే.

మగవాళ్ళం ఎప్పుడూ డప్పుల దగ్గర, బాగా వెనకాల నడిచేవాళ్ళం. సగం మంది తూలుతూ ఉండేవారు. అంత దూరానికి మాకు వినబడేది చేతి మైకులోంచి వచ్చే అప్ప గొంతు ఒక్కటే. ఆ పాటంతా తల్లిని అడిగే ప్రశ్నలు. "ఏ రేవు దాటొచ్చినావే తల్లీ." కాసేపు డప్పులు. "ఏటి మూటగట్టి తెచ్చినావే తల్లీ." మళ్ళీ డప్పులు. ఇలా పదిహేడు ప్రశ్నలు. జవాబులు ఎందుకు లేవని నేనెప్పుడూ ఆలోచించలేదు. దేవుణ్ణి అడగడం వరకే మన పని, చెప్పే అలవాటు వాళ్ళకి లేదు అనుకునేవాణ్ణి. అది చాలా లోతైన సంగతి అని కూడా అనుకునేవాణ్ణి.

మూడేళ్ళ కిందట అప్ప గొంతు బొంగురుపోయి ఇక బాగుపడలేదు. ఆసుపత్రికి తీసుకెళితే గొంతులో కాయలు కట్టాయని, కొన్ని నెలలు మాట్లాడకుండా ఉండాలని, తర్వాత మెయిన్‌ల్యాండ్‌లో చూపించుకోవాలని డాక్టరు చెప్పారు. అప్ప నోటి మీద వేలు పెట్టుకుని బయటికి వచ్చింది. మర్నాడు పొద్దున్నే గంప ఎత్తుకుని రేవుకి పోయింది. మాట్లాడకుండా చేపలు ఎలా అమ్మాలో డాక్టరు చెప్పలేదు మరి.

పండగకి నెల ముందు ఒక ఆదివారం అప్ప మా ఇంటికి వచ్చింది. ఆవిడ మా ఇంటికి పని లేకుండా రాదు, పని ఉన్నా చెప్పదు. ఆ రోజు మంచినీళ్ళు తాగి నేరుగా విషయానికి వచ్చింది.

"తమ్ముడా, నీ కాడ గొంతు బాగుసేసే పెట్టె ఉందంట గదా."

"ఎవరు చెప్పారప్పా?"

"నీ పెళ్ళామే సెప్పింది. నీ గొంతే బాగయిపోనాదంట. నాది అవదేటి?"

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్ప నవ్వలేదు. కమిటీవాళ్ళు ఈసారి ఘటం పాటకి నెట్‌లోంచి ఏదో అమ్మవారి పాట తీసి వేస్తామన్నారని చెప్పింది. "గొంతు నేనిదానికి ముందు నడక ఏల అంటన్నారు. నువ్వు రికార్డు సేసి ఇచ్చీ. పెట్టె పాడతాది, నాను ముందు నడుత్తాను." ఇంతా చెప్పడానికి ఆవిడకి మూడుసార్లు ఊపిరి అందలేదు. జీవితంలో అప్ప నన్ను అడిగింది అదొక్కటే. నాకు ఏడుపొచ్చింది, గర్వం కూడా వచ్చింది. ఇన్నాళ్ళకి నా పిచ్చి ఒకరికి పనికొచ్చిందన్న గర్వమే ఎక్కువ.

మర్నాటి సాయంత్రం చివరి విమానం వెళ్ళాక అప్పని బీరువా ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. హెడ్‌ఫోన్లు పెడితే తల మీద చేత్తో తడుముకుని, "గంప కన్నా బరువుగా ఉంది," అంది. పాడటం మొదలుపెట్టింది. గొంతు సగం గాలి, సగం గరగర, పైకి వెళ్ళవలసిన చోట విరిగిపోతోంది. మొదటి ప్రశ్న అయ్యాక ఆగి, మోకాలి మీద చేత్తో తాళం వేస్తూ నోట్లో ఏదో గొణిగింది. రెండో ప్రశ్న తర్వాత కూడా అంతే. మైకులో పాట కంటే ఆ గొణుగుడు, ఊపిరి ఈల, చెయ్యి చప్పుడే ఎక్కువగా పడుతున్నాయి.

నేను ఆపాను. "అప్పా, మధ్యలో గొణగొద్దు. చెయ్యి కూడా కదపొద్దు. పాట ఒక్కటే పాడు."

అప్ప నా మొహం చూసింది. "మరి సందులో?"

"సందులో ఊరికే ఉండు. అది నేను చూసుకుంటాలే."

ఆవిడ తలూపింది. చదువుకున్న తమ్ముడు, సొంత పెట్టె, తెరమీద పాకే పచ్చటి గీతలు. మూడో ప్రశ్న నుంచి, పాడి, ఆగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ అంతసేపూ ఊరికే ఉండి, మళ్ళీ పాడింది. ఊపిరి తీసుకోవడానికి ఆగుతోందనుకున్నాను. పాట మొత్తం పద్నాలుగు నిమిషాలు వచ్చింది. అప్ప వెళ్ళేటప్పుడు ఆవిడ జాకెట్టు వీపంతా చెమటతో తడిసి ఉంది.

తర్వాత పది సాయంత్రాలు నేను పనిచేసిన తీరు చూస్తే మా ఆఫీసువాళ్ళు నమ్మరు. గరగరలో సగం అడుగు మోతతో పాటే పోయింది. విరిగినచోటల్లా శ్రుతి పట్టుకునే పరికరంతో ఒక్కొక్క అక్షరాన్నీ లేపి నిలబెట్టాను. గొంతు సన్నగా ఉందని అదే పాటని ఇంకొక వరసగా పెట్టి, వెంట్రుకవాసి వెనక్కి జరిపి రెండూ కలిపాను. అప్పుడు బొద్దుగా వచ్చింది. కొంచెం గుడి మోత వేశాను. చివర్న ఖాళీలు. ప్రతి ప్రశ్న తర్వాతా బోలెడంత ఖాళీ, అందులో ఫ్యాను, అప్ప పిల్లికూతల ఊపిరి, ఒకచోట మా ఫ్రిజ్ దగ్గు. పదిహేడు ఖాళీల్నీ కోసి అతికాను. పద్నాలుగు నిమిషాల పాట ఆరు నిమిషాలయింది. విని నా భుజం నేనే తట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ కిందటి అప్ప గొంతు అది. కాదు, ఇరవై ఏళ్ళ కిందట కూడా ఆవిడ గొంతు అంత నున్నగా లేదు.

రేవు దగ్గరికి వెళ్ళి ఫోన్‌లో వినిపించాను. చుట్టూ ఆటోల మోత, ఐసు పగలగొడుతున్న చప్పుడు. అప్ప చెయ్యి చీరకి తుడుచుకుని ఫోన్ చెవికి ఆనించుకుంది. కళ్ళనీళ్ళు వచ్చాయి ఆవిడకి.

"నా కన్నా బాగా పాడింది," అంది. ఫోన్ రెండో చెవికి మార్చుకుని, "బేగి బేగి పాడేసినాది గదా," అంది.

"ఇప్పుడంతా అలాగే కావాలప్పా. ఆలస్యమైతే ఎవరు వింటారు," అన్నాను.

"నీకు తెల్దేటి," అని ఫోన్ ఇచ్చేసింది. ఆ రెండు మాటలూ నన్ను ఇప్పటికీ పట్టి లాగుతాయి. నాకు తెలియదని అప్పుడే చెప్పి ఉండాల్సింది. తెలియదన్న సంగతి కూడా నాకు తెలియదు.

పండగనాడు సౌండు పెట్టెలు ఒక టెంపో మీద పెట్టారు. పెన్ డ్రైవ్ నాదే గనుక మొట్టమొదటిసారి నేను డప్పుల్ని వదిలి ముందు, టెంపో పక్కన నడిచాను. అప్ప ఎర్రంచు పసుపు చీర కట్టుకుని అందరికంటే ముందు నిలబడింది. వెనకాల ముప్పై నలభైమంది ఆడవాళ్ళు, నెత్తిన ఘటాలు. పాట మొదలైంది. "ఏ రేవు దాటొచ్చినావే తల్లీ." వెంటనే నా వెనక అన్ని గొంతులు ఒక్కసారి లేచాయి. "ఉప్పు రేవు దాటొచ్చి..." అంతలోనే పెట్టెలోంచి రెండో ప్రశ్న వచ్చి వాళ్ళ మీద పడింది.

నేను నడుస్తూ నడుస్తూ ఆగిపోయాను. నలభై ఏళ్ళుగా ఈ పాట వింటున్నాను. దీనికి జవాబు ఉందని అప్పుడు తెలిసింది. ప్రశ్న అప్పది, జవాబు వెనకాల ఆడవాళ్ళది. వాళ్ళ చేతుల్లో మైకు లేదు గనుక డప్పుల దగ్గరున్న మా మగ చెవులకి ఏనాడూ అందలేదు. తల్లి ఆ ఆడవాళ్ళ నోటితో జవాబు చెప్పే చోటుని నేను ఫ్యాను చప్పుడనుకుని కోసేశాను.

రెండో ప్రశ్నకీ వాళ్ళు ప్రయత్నించారు, మూడో దానికీ ప్రయత్నించారు. సగంలో పెట్టె మీద పడుతూనే ఉంది. వయసుపిల్ల ఒకతె నవ్వింది. ముందు వరసలో ముగ్గురు ముసలమ్మలు ఉన్నారు, వాళ్ళు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఊరుకున్నారు. అయిదో ప్రశ్నకి ఎవరూ నోరు తెరవలేదు. పెట్టె ఒక్కటే అడుగుతూ పోయింది, ఆగకుండా, తీయగా, ఒకదాని మీద ఒకటి, పదిహేడూ అయిపోతే మళ్ళీ మొదటినుంచి. అప్ప వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ నడక మాత్రం కాస్త తడబడింది.

రేవుకి చేరాక కమిటీ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆయన రెండు పడవల యజమాని, మాకు వరసకి మావయ్య. "ఏక్ దం సాఫ్‌గా ఉందిరా అల్లుడా. సినిమా పాట నాగుంది. ఎప్పుడూ గంట పట్టీది, సూడు, అరగంటలో అయిపోనాది."

ఆ సాయంత్రమే అప్ప దగ్గరికి వెళ్ళి తప్పు చేశానని చెప్పాను. ఖాళీలు మళ్ళీ పెట్టి ఇస్తానన్నాను. అప్ప కాళ్ళు కడుక్కుంటోంది. "వచ్చే ఏడు సూద్దార్లే. నాను నీకు తెలుసనుకున్నాను," అంది. కోపంగా అంటే బాగుండేది.

వచ్చే ఏడు నేను లేను. మధ్యలో నాకు రోజంతా బస్సు ప్రయాణమయ్యే మాయాబందర్‌కి బదిలీ అయింది. ఖాళీలు పెట్టడం ఒక సాయంత్రం పని, రేపు చేద్దాం, వచ్చే నెల చేద్దాం అనుకుంటూనే పండగ వచ్చేసింది. ఇక్కడ ఫలానా పని అడ్డొచ్చిందని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. బద్ధకం, అంతే. మైకుసెట్టు అతనికి ఫోన్ చేస్తే, "టెన్షన్ మత్ లో భయ్యా, పెన్ డ్రైవ్ మన కాడే ఉంది," అన్నాడు. ఎవరో పంపిన వీడియోలో చూశాను. పెట్టెల టెంపో అందరికంటే ముందు పోతోంది. పాట అందులోంచి వస్తోంది కనుక అది ముందుండాలనుకున్నారు కాబోలు. అప్ప దాని పొగ వెనకాల, ఆడవాళ్ళలో ఒకతెగా నడుస్తోంది. ముందు నడక కోసమే కదా ఆవిడ ఆ రోజు మా ఇంటికి వచ్చింది.

ఈ ఏడు మళ్ళీ బదిలీ అయి లంబాలైన్‌కి వచ్చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు, అయినా పాత రికార్డు తీశాను. అప్ప గొంతు ఈపాటికి పూర్తిగా పోయింది, గుసగుస తప్ప ఏమీ రాదు. చేపలు పక్క గంపావిడ చేత అరిపిస్తుంది. రికార్డు మొదట్లో, నేను గొణగొద్దనక ముందు, రెండు జవాబులు ఆవిడ గొణిగింది కదా, వాటిని పైకి తేవాలని చూశాను. అప్పుడు వాటిని చంపడానికి వాడిన పరికరాలన్నీ ఇప్పుడు బతికించడానికి వాడాను. గొణుగుడుని లేపితే ఫ్యాను కూడా లేచింది. ఫ్యానుని అణిస్తే గొణుగుడు పోయింది. చివరికి మిగిలింది నీళ్ళలో మునిగినవాళ్ళు మాట్లాడినట్టు ఏదో బుడబుడ. ఉచితమైన పరికరాలు కాబట్టి రాలేదని కొన్నాళ్ళు అనుకున్నాను. డబ్బు పెట్టి కొనే వాటిని కూడా ఒక వారం ఊరికే వాడి చూడనిస్తారు, అదీ తీసుకుని చూశాను. వాటితోనూ రాలేదు.

పోనీ ఆడవాళ్ళందరి చేతా జవాబులు పాడించి రికార్డు చేసి పాటలో కలిపేద్దామన్నాను. అప్ప ఒప్పుకోలేదు. "అడిగీది నాను. నా మాట పెట్టెలోంచి వచ్చినా సరే. తల్లి మాట పెట్టెలోంచి వత్తాదేటి?" అంది గుసగుసగా. అందుకని ఖాళీలు మాత్రం పెట్టాను. ఒక్కో ప్రశ్న తర్వాత ఎంతసేపో అప్ప బల్ల మీద వేలితో కొట్టి చూపించింది, నేను కొలిచి పెట్టాను. పాట మళ్ళీ పద్నాలుగు నిమిషాలయింది. పండగకి ముందు గుడి దగ్గర రెండుసార్లు ఆడవాళ్ళని పిలిచాను. మొదటిసారి ఆరుగురు వచ్చారు, రెండోసారి నలుగురు. ఎత్తుకునే ముసలమ్మల్లో ఒకావిడ చనిపోయింది, ఒకావిడ కొడుకు దగ్గరికి విశాఖ వెళ్ళిపోయింది, మూడో ఆవిడకి మోకాళ్ళు లేవడం లేదు. జవాబులు కాగితం మీద రాసి ఇద్దామంటే వయసుపిల్లలకి తెలుగు చదవడం రాదు. వాళ్ళకి అందించాల్సిన గొంతు లేదు. నేను పాడి వినిపిద్దామన్నా, నాకు తెలిసింది మొదటి జవాబులో సగమే, మిగతావి అప్పని అడిగి నేర్చుకోవాలని అప్పుడూ తట్టలేదు. అప్ప ఒక్కొక్కరి చెవి దగ్గరికి వెళ్ళి గుసగుసగా చెప్పింది. వాళ్ళు మర్యాదగా తలూపారు.

పండగనాడు అప్ప మాట విని టెంపోని వెనక్కి పంపించాను. అప్పని ముందు నిలబెట్టాను. "ఏ రేవు దాటొచ్చినావే తల్లీ," అని పాట అడిగి ఆగింది. డప్పులవాళ్ళు కూడా ఏదో పాడయిందనుకుని ఆపేశారు. సందంతా నిశ్శబ్దం. నాకు ఎంతో ఇష్టమైన నిశ్శబ్దం అది, అంత శుభ్రంగా మా ఇంట్లో ఎన్నడూ దొరకలేదు. ఎక్కడో వెనక ఒకావిడ, "ఉప్పు రేవు," అని ఎత్తుకుని, తన గొంతు తనకే వినబడి సిగ్గుపడి ఆపేసింది. ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్న పిల్లలు అప్ప వైపు చూశారు. అప్ప నోరు కదులుతోంది. బయటికి ఏమీ రావడం లేదు. రెండో ప్రశ్నకీ అంతే, మూడోదానికీ అంతే. నాలుగో ఖాళీలో మావయ్య మైకుసెట్టు అతని మీద కేకలేశాడు. అతను పెట్టెని అరచేత్తో రెండు తట్లు తట్టి, జేబులోంచి పాత పెన్ డ్రైవ్ తీసి గుచ్చాడు. ఆరు నిమిషాల పాట అందుకుంది. అందరూ ఊపిరి పీల్చుకుని నడిచారు.

ఆ తర్వాతి ఆదివారం అప్ప మా ఇంటికి వచ్చింది. "ఆ సందులు తీసీ తమ్ముడా," అంది.

నేను తీయనన్నాను. వచ్చే ఏడాదికి అలవాటు పడతారు, ఇంకోసారి పిలుద్దాం అన్నాను. నాకే నమ్మకం లేని మాటలు.

"ఒద్దు. ఆ సందులో అందరూ నా మొకమే సూత్తన్నారు. జాలిగా సూత్తన్నారు. నాకు సిగ్గుగా ఉంది. ఈ పెట్టెలో కూడా ఉంచకు, తీసీ. రేపు ఎవరైనా మళ్ళీ ఏత్తారు."

పాత పెన్ డ్రైవ్ ఉంది కదా, ఇది ఎవరూ వేయరు అని చెప్పినా వినలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. పట్టపగలు, బయట విమానాలు దిగుతూనే ఉన్నాయి. పాట పెట్టాను. మొదటి ప్రశ్న అయింది, ఖాళీ వచ్చింది. అప్ప గుసగుసగా, "ఉప్పు రేవు దాటొచ్చినాను బిడ్డా," అంది. తర్వాత తెర మీద వేలు పెట్టి, "తీసీ," అంది. కోశాను. రెండో ప్రశ్న. "మెరిసే ఎండి సేపలు మూటగట్టి తెచ్చినాను బిడ్డా. తీసీ." కోశాను. అలా ఒక్కొక్కటీ చెప్పించుకుని ఒక్కొక్కటీ కోశాను. జవాబులన్నీ నేను వినడం అదే మొదటిసారి. రాసుకోవాలని చెయ్యి లేవలేదు. ఎవరికోసం రాయాలో తెలియలేదు.

పదిహేడో ప్రశ్న వచ్చింది. "ఎన్నాళ్ళుంటావే తల్లీ మా కాడ," అని నేను నునుపు చేసిన అప్ప గొంతు అడిగి ఆగింది.

"పిలిసినన్నాళ్ళూ ఉంటాను బిడ్డా," అంది అప్ప.

ఈసారి తీసీ అనలేదు. తెర మీద వేలు మాత్రం పెట్టింది. నేను కోసేశాను.